మూడో నంబరు ముఖం

ఫిబ్రవరి 6, మంగళవారం

డాక్టరమ్మకు ఇవ్వాల్సిన పుస్తకం వేరే ఉంది. నీలం అట్ట. ఏ రోజు ఎంత మట్టి పెట్టాను, ఎక్కడ పెట్టాను, ఎందుకు పెట్టాను అన్నీ అందులో రాయాలట. "చేతికి తోచింది అని రాస్తే ఒప్పుకోను" అని ముందే హెచ్చరించింది. ఇది మాత్రం నాది. దీన్ని ఎవరూ అడగరు.

ఈ రోజు పుర్రె వచ్చింది. అసలుది కాదు, ప్లాస్టిక్ నకలు. అసలుది సరగోసా నగరంలో ల్యాబ్ అలమారలో ఉంది. పెట్టె మీద 3 అని రాసి ఉంది. నిరుడు శ్మశానం గోడ వెనక తెల్ల సుద్దనేలలో తవ్వితే నలుగురు దొరికారు. 1936 ఆగస్టులో, అంతర్యుద్ధం మొదలైన కొత్తలో, తుపాకులవాళ్ళు లారీ ఎక్కించి తీసుకుపోయి కాల్చి పూడ్చిన మనుషులు. ఇద్దరి పేర్లు బంధువుల రక్తంతో పోల్చి చూస్తే తేలాయి. నాలుగోవాడి తల తలలా మిగల్లేదు. మూడోవాడి ఎముకలో పరీక్షకు పనికొచ్చేది ఏమీ దొరకలేదు. అందుకే ముఖం చెయ్యాలన్నారు. మే నెలలో ఎగ్జిబిషన్ పెడితే ముఖం చూసి ఎవరైనా గుర్తుపడతారేమోనని.

మా కళా సంఘం అధ్యక్షుడు సతుర్నీనో మాస్టారు "కళాకారులూ శాస్త్రవేత్తలూ ఒకే బల్ల దగ్గర" అని బట్ట మీద రాయించి పాత బడి హాలుకు కట్టించాడు. బల్ల మాత్రం నాది. ముప్పై అయిదేళ్ళుగా మా ఊరు పెన్యరోద ఉత్సవంలో ఊరేగే రాజుల బుట్టబొమ్మలకు తలలు దాని మీదే చేస్తున్నాను.

"కసీల్దా, నీ రాజులందరూ ఒకే తండ్రి పిల్లల్లా ఉంటారు. ఈసారైనా కొత్త మొహం చూపించవే" అన్నాడు మాస్టారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఫిబ్రవరి 8

ల్యాబ్ డాక్టరమ్మ ఇత్సియార్ పుర్రె మీద ఇరవై ఒక్క చోట రబ్బరు ముక్కలు అతికించింది. ఒక్కోటి ఒక్కో పొడవు. నుదుటి మీద పొట్టివి, బుగ్గల మీద పొడుగువి. ఆ వయసు మగవాడికి ఆ చోట కండ ఎంత మందం ఉంటుందో అంత. నా పని ఆ ముక్కల తలల దాకా మట్టి నింపడం.

"అంటే నేను గోడ పూసే మేస్త్రీని" అన్నాను.

"మంచి మేస్త్రీ దొరకడం కష్టం" అంది. ముప్పై ఎనిమిదేళ్ళుంటాయి. నవ్వితే ఒక పక్కకే నవ్వుతుంది. "చూడండి కసీల్దాగారూ, ఎముక చెప్పింది మీరు చెప్పండి. అది చెప్పనిది చెప్పకండి. చెవులు ఎలా ఉంటాయో ఎముకకు తెలీదు. పెదాల వంపు తెలీదు. అలాంటి చోట మామూలుగా ఉంచెయ్యండి, అందంగా వద్దు."

"మామూలు ముఖం ఎవరిది డాక్టరమ్మా? నేనెప్పుడూ చూళ్ళేదు."

ఆమె దీన్ని కూడా తన పుస్తకంలో రాసుకుంది.

ఫిబ్రవరి 13

దవడ కండలు, మెడ. వెడల్పైన దవడ. కింది పళ్ళలో ఒకటి లేదు, బతికుండగానే పోయిందట.

సియెర్సో చలిగాలి మూడు రోజులుగా కొడుతోంది. తలుపు సందుల్లో గుడ్డలు కుక్కాను. మట్టి తొందరగా ఎండిపోతోంది.

ఫిబ్రవరి 20

ఊరంతా అత్త అని పిలిచే ఫెర్మీనా వచ్చింది. ఎనభై ఎనిమిదేళ్ళు. కర్ర ఒక చేతిలో, బాదంపప్పు పొట్లం ఇంకో చేతిలో. మూడో నంబరు తన తండ్రేనని ఆవిడ నమ్మకం. ఇలారియో అని గొర్రెల కాపరి. ఊరికి రెండు గంటల నడక దూరంలో, కొండ మీద ఒంటరి ఇంట్లో ఉండేవాళ్ళు. ఆయన్ను తీసుకుపోయిన వారంలోనే తల్లి ఈమెను వెంటబెట్టుకుని దూరాన తర్రాసాలో ఉన్న బట్టల మిల్లులకు వెళ్ళిపోయింది. అరవై ఏళ్ళ తర్వాత ఫెర్మీనా అత్త ఒక్కతే తిరిగొచ్చి, ఇక్కడ చిన్న ఇల్లు తీసుకుంది. మా అమ్మ ఆమెను చూస్తే వీధి మారుతుంది. ఎందుకో అడిగితే, "తర్రాసా వాళ్ళకు పొగరెక్కువ" అంటుంది.

"ఫొటో ఏదైనా ఉందా అత్తా?" అన్నాను.

"ఒక్కటుండేది. మా అమ్మ పొయ్యిలో పెట్టేసింది. ఎవరైనా చూస్తే కూతుర్ని కూడా తీసుకుపోతారని భయం." పొట్లం విప్పి నా ముందుకు తోసింది. "నాన్న మొహం నాకు గుర్తులేదమ్మా. ఆరేళ్ళ దాన్ని. మెడ వాసన గుర్తుంది, ఉన్ని వాసన. ప్యాంటు మోకాళ్ళ దగ్గర అతుకులు గుర్తున్నాయి. పైకి చూడబోతే ఏమీ ఉండదు. ఎండ మొహంలో పడ్డట్టు తెల్లగా ఉంటుంది."

పొట్లంలోంచి ఒక పప్పు తీసుకున్నాను.

"నువ్వు చెయ్యి. తొందరేం లేదు. కాకపోతే నాకు ఎనభై ఎనిమిది" అంది.

ఫిబ్రవరి 23

కనుబొమల గట్టు అయింది. బాగా వచ్చింది. నీలం పుస్తకంలో ఇంకా రాయలేదు.

ఫిబ్రవరి 27

మట్టి మీద కప్పిన తడిగుడ్డ తీసినప్పుడల్లా ముఖం నాకంటే ముందే నన్ను చూస్తున్నట్టు ఉంటోంది. ఇరవై నాలుగేళ్ళ వయసులో మొదటి బుట్టబొమ్మ చేసినప్పుడూ ఇలాగే అనిపించింది. ఇది పనిలో మామూలే.

మార్చి 1

ఇత్సియార్ సరగోసా నుంచి వచ్చి కొలిచింది. నుదుటి కింద, కనుబొమల దగ్గర రెండు మిల్లీమీటర్లు ఎక్కువ. ముక్కు కొన కిందికి దిగింది.

"రబ్బరు ముక్క ఊడిందా?"

"ఊడింది. మళ్ళీ అతికించాను, కొంచెం అటూ ఇటూ అయినట్టుంది" అన్నాను.

ఊడలేదు.

"ముక్కు?"

"ఈ వైపు మగవాళ్ళ ముక్కులు ఇంతే డాక్టరమ్మా. వీధిలోకి వెళ్ళి చూడండి."

"నేను వీధిని చెయ్యమనలేదు" అంది. కోపంగా కాదు. ఆ తర్వాత చాలాసేపు ముఖాన్నే చూస్తూ కూర్చుంది. నేను కాఫీ పెట్టే నెపంతో లోపలికి వెళ్ళాను.

మార్చి 5

మధ్యాహ్నం అమ్మ భోజనం తెచ్చింది. ఆవిడ పనిచోటుకు రావడం చాలా అరుదు. ఎనభై ఏడేళ్ళ మనిషి, గాలిలో, చేతిలో గిన్నెతో. వేయించిన రొట్టెముక్కలు, వెల్లుల్లి, ద్రాక్షపళ్ళు.

గిన్నె బల్ల మీద పెట్టి ముఖాన్ని చూసింది. గిన్నె మూత చేతిలో ఉండిపోయింది. తడిగుడ్డ తీసుకుని మెల్లగా ముఖం మీద కప్పింది. పిల్లవాడికి దుప్పటి కప్పినట్టు నాలుగు వైపులా సర్దింది.

"మట్టి ఎండిపోతుంది. కప్పి ఉంచు" అంది.

"అమ్మా."

"దీన్ని ఎవరికి చూపిస్తావ్?"

"ఫెర్మీనా అత్తకు."

"తిను. చల్లారితే రాయిలా అవుతుంది" అని వెళ్ళిపోయింది.

మార్చి 6

పోలికేమీ లేదు. ఈ చుట్టుపక్కల పది ఊళ్ళలో అలాంటి కనుబొమలు ఉంటాయి.

మార్చి 9

తాతయ్య నాకు పద్నాలుగేళ్ళు నిండి పదిహేను వస్తుండగా పోయాడు. అమ్మ తండ్రి, లోరెన్సో. పిండిమర లారీ నడిపేవాడు. మర దుమ్ము ఆయన చెవుల మడతల్లో తెల్లగా ఉండేది. కాగితాలు నానబెట్టడం, మైదా గంజి కాచడం, గుజ్జుని బొటనవేలితో నొక్కి కనుబొమ తేవడం అన్నీ ఆయనే నేర్పాడు. నా చెయ్యి మీద చెయ్యి వేసి నొక్కించేవాడు. "గట్టిగా కాదే పిచ్చిదానా, పిల్లి వీపు నిమిరినట్టు" అనేవాడు. నాకు తెలిసిన మగవాళ్ళందరిలోనూ మెత్తటివాడు. హాల్లో ఆయన యువకుడిగా ఉన్నప్పటి ఫొటో ఉంది, పెళ్ళి కోటులో. దాని కిందే నేను చదువుకున్నాను, ఆడుకున్నాను, జ్వరం వస్తే పడుకున్నాను.

ఆ ఆగస్టులో ఆయనకు టైఫాయిడ్. మంచం దిగలేదు. ఇది మా ఇంట్లో అందరికీ తెలుసు.

మార్చి 12

ఆ ఆగస్టులో తాతయ్య కాలు విరిగి తెరువేల్ ఆసుపత్రిలో ఉన్నాడని పెద్దమ్మ చెప్పేది. టైఫాయిడ్ ఆ ముందు ఏడాది అయ్యుంటుంది. ఏదైతేనేం, ఊళ్ళో లేడు.

మార్చి 14

ముక్కు కొన పైకెత్తాను. సాయంత్రానికి మళ్ళీ దిగి ఉంది. నేనే దించి ఉంటాను. ఎప్పుడు దించానో గుర్తులేదు.

మార్చి 20, మంగళవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పదకొండు గంటలకు సతుర్నీనో మాస్టారు ఫెర్మీనా అత్తను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. నల్లగౌను, మెడలో చిన్న శిలువ. జుట్టు దువ్వించుకుని వచ్చింది. తండ్రిని చూడడానికి కదా. ఇత్సియార్ కిటికీ దగ్గర కెమెరా పెట్టుకుని నిలబడింది. అంతకుముందే ముఖాన్ని చుట్టూ తిప్పి స్కాన్ చేసుకుంది.

"అత్తా, ఇది ఉజ్జాయింపు మాత్రమే. అచ్చం ఆయనే అని అనుకోవద్దు. సరేనా?" అంది ఇత్సియార్.

"సర్లే, తియ్యండి."

నేను గుడ్డ తీశాను.

ఆవిడ దగ్గరకు వచ్చింది. వంగింది. ఏడుస్తుందని మాస్టారు రుమాలు తీసి పట్టుకున్నాడు. ఆవిడ ఏడవలేదు. ఒక అడుగు వెనక్కి వేసింది. కర్ర బల్లకోడుకు తగిలింది.

"ఇతను కాదు" అంది.

"మీకు నాన్న మొహం గుర్తులేదన్నారుగా అత్తా" అన్నాడు మాస్టారు.

"నాన్నది గుర్తులేదు. వీడు గుర్తున్నాడు." గొంతు పెంచలేదు. "ఆ రోజు తలుపు తీసింది నేనే. వీడు వంగి నా గడ్డం పట్టుకుని, మీ నాన్న ఉన్నాడా పాపా అన్నాడు. మెత్తగా అడిగాడు. లోపల ఉన్నాడని నేనే చెప్పాను." చెయ్యి పైకెత్తి కనుబొమలు చూపించింది, ముట్టుకోకుండా. "ఇవే. చెవి మీద ఏదో తెల్లగా ఉండేది. పిండో, సున్నమో."

చెవి మీద నేనేమీ పెట్టలేదు. మామూలు చెవి.

ఇత్సియార్ నన్ను చూసింది. మాస్టారు నేలను చూస్తున్నాడు. నేను గుడ్డను పిండుతున్నాను, నీళ్ళన్నీ నా బూట్ల మీద పడ్డాయి.

"ఎవరమ్మా వీడు?" అని అడిగింది ఫెర్మీనా అత్త నన్ను.

"తెలీదు" అన్నాను.

మార్చి 21

తెలీదు అన్నాను.

మార్చి 22

తెలీదు అన్నాను.

మార్చి 24, శనివారం

పొద్దున అమ్మ వంటింట్లో ఆకుకూర కాడలు గీస్తోంది. ఎదురుగా కూర్చుని నేనూ కత్తి తీసుకున్నాను.

"ఆ ఆగస్టులో తాతయ్యకు టైఫాయిడా, కాలు విరిగిందా?"

కాడ గీస్తూనే ఉంది. "జ్వరం నాకొచ్చింది. ఆయనకు కాదు."

"అమ్మా."

"అయిదేళ్ళు నాకు. ఏం తెలుస్తుంది? ఎవరో తుపాకులు పెట్టుకుని మర దగ్గరకొచ్చి లారీ తీయమన్నారు. తియ్యకపోతే ఆయన్నే ఎక్కించేవాళ్ళు. నడిపాడు. ఎవర్నీ కాల్చలేదు."

"తలుపు తట్టాడు."

కత్తి ఆగింది. "కొండమీద ఇళ్ళకు దారి ఆయనకే తెలుసు. పిండి వేసేవాడుగా. కుక్కలు కూడా మొరిగేవి కావు ఆయన్ను చూస్తే." మళ్ళీ కాడ అందుకుంది. "మీ నాన్న నిన్ను వదిలేసి పోతే పెంచింది ఎవరు? బడి ఫీజు ఎవరు కట్టారు? నీకు ఆ చేతులిచ్చింది ఎవరు? చెప్పు."

అన్నీ నిజమే. ఆకుకూర నీళ్ళలో నల్లబడిపోయింది, ఇద్దరం వండలేదు.

మార్చి 27

ఇత్సియార్‌కు చెప్పాను. ఫొటో కూడా చూపించాను. ఫ్రేమును స్కాన్ పక్కన పెట్టి పది నిమిషాలు చూసింది.

"రబ్బరు ముక్క ఊడలేదు కదూ" అంది.

"లేదు."

"ఏడు వారాలు పోయాయి." కుర్చీలో వెనక్కి వాలింది. అప్పుడు కోపం వచ్చింది. ముఖం ఎర్రబడింది. "నువ్వు నాకు అబద్ధం చెప్పావు కసీల్దా. నాకు చెప్పినా పర్వాలేదు. చనిపోయినవాడి తల మీద చంపడానికి తీసుకుపోయినవాడి ముఖం తొడిగావు. ఆ ముసలావిడ దువ్వెన పెట్టి తల దువ్వించుకుని వచ్చింది!"

ఆమె నన్ను "నువ్వు" అనడం అదే మొదలు. ఆ తర్వాత మళ్ళీ "మీరు" అనలేదు.

"నా చేతులకు ఇంకో ముఖం రాదు డాక్టరమ్మా. ముప్పై అయిదేళ్ళ నుంచి చేసినవన్నీ చూసుకున్నాను. గోదాంలో ఉన్న రాజులు, మూరు సుల్తానులు, బిషప్పు, అందరూ ఆయనే. వేరేవాళ్ళను పిలు."

ఇత్సియార్ లేచి ఏప్రన్ కట్టుకుంది.

"నా చేతులకు ఏ ముఖమూ రాదు. అయితే నేను పెడతాను. నువ్వు పక్కన కూర్చుని ఎలా పెట్టాలో చెప్పు. ముట్టుకోకు."

మట్టి మొత్తం ఊడదీశాం. అది మాత్రం నేనే తీశాను. ముందు ముక్కు, తర్వాత కనుబొమలు. మట్టే కదా అనుకున్నాను. మట్టి కాదు.

ఏప్రిల్ 5

డాక్టరమ్మ చేతులు చేతులు కావు, పారలు. "రొట్టెపిండి కాదమ్మా, అలా గుద్దకు!" అని అరిచాను. "నువ్వు గొంతుతో మట్టి పిసుకుతున్నావు" అంది. వారాల తర్వాత ఇద్దరం నవ్వాం. వెంటనే నాకు సిగ్గేసింది.

నా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటున్నాను. అవి ఊరుకోవడం లేదు. గౌను అంచును పట్టుకుని పిల్లి వీపు నిమురుతున్నాయి.

ఏప్రిల్ 11

సతుర్నీనో మాస్టారికి చెప్పాను. గుండె గట్టి చేసుకుని, పెద్ద రహస్యం విప్పినట్టు. ఆయన కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

"ఊళ్ళో అందరికీ తెలిసిందేనే" అన్నాడు. "నీకు తెలీదని నేను ఎప్పుడూ అనుకోలేదు."

"మరి నా రాజుల గురించి జోకు వేశారే?"

"జోకు కాదు అది" అన్నాడు.

ఏప్రిల్ 14

ముప్పై అయిదేళ్ళు ప్రతి ఆగస్టులోనూ ఆయన ముఖాన్ని నేను వీధుల్లో ఊరేగించాను. జనం చప్పట్లు కొట్టారు. వాళ్ళందరికీ తెలుసు.

ఏప్రిల్ 17, మంగళవారం

ఫెర్మీనా అత్త ఇంటికి వెళ్ళాను. కిటికీ దగ్గర కుర్చీ, రేడియో, కుండీలో జెరేనియం. చెప్పేశాను. పేరు, పని, నాకు ఏమవుతాడో. నిలబడే చెప్పాను.

ఆవిడ రేడియో తగ్గించింది.

"నీకు ఎన్నేళ్ళు?"

"యాభై తొమ్మిది."

"అప్పటికి నువ్వు లేవు."

"ఆయన నన్ను పెంచాడు అత్తా. నా మీద ప్రాణం పెట్టుకున్నాడు."

"పెట్టుకునే ఉంటాడు. నాతోనూ మెత్తగానే మాట్లాడాడు." కర్ర కొనతో నేల మీద గీతలు గీస్తూ ఉండిపోయింది. వెళ్ళిపొమ్మంటుందని ఎదురుచూశాను. "ఆ మొహం చెరిపేశావా?"

"మట్టి తీసేశాం. కంప్యూటర్లో ఉంది."

"దాన్నీ పెట్టు. ఎగ్జిబిషన్లో. పేరు రాసి పెట్టు."

"అత్తా..."

"ఎనభై రెండేళ్ళు దాన్ని నేనొక్కదాన్నే మోశాను. నా తండ్రి మొహం ఉండాల్సిన చోట అది కూర్చుంది. ఇక కాస్త ఊరు కూడా మొయ్యనీ." రేడియో మళ్ళీ పెంచింది. తలుపు దాకా రాలేదు.

ఏప్రిల్ 18

అమ్మకు చెప్పాను.

"నా తండ్రిని వీధిలో నిలబెడతావా?" అంది. అరవలేదు. "నిలబెట్టు. నేను చచ్చాక నిలబెట్టుకో అంటే వినవుగా."

ఏప్రిల్ 19

అమ్మ మాట్లాడలేదు.

ఏప్రిల్ 26

ఎనిమిదో రోజు. నాకు వడ్డిస్తుంది, ఎదురుగా కూర్చుంటుంది, మాట్లాడదు. హాల్లో ఫొటో తీసి తన గదిలో పెట్టుకుంది. గోడ మీద లేత రంగు చదరం మిగిలింది. అటు చూడకుండా నడవడం నేర్చుకుంటున్నాను.

మే 4

మూడో నంబరు పూర్తయింది. నేను వేలు పెట్టలేదు. కన్ను చివర మడత సరిగా రాలేదు, చెవులు మరీ మామూలువి. వెడల్పు దవడ, చిన్న ముక్కు, కొంచెం ఆశ్చర్యపోయినట్టున్న నోరు. ఇతన్ని నేనెప్పుడూ చూడలేదు. పక్క బెంచీ మీద కూర్చున్నా గుర్తుంచుకోను. చాలాసేపు చూశాను, అతను తిరిగి నన్ను చూడలేదు.

మే 12, శనివారం

బడి హాలు నిండిపోయింది. రెండు బల్లలు, రెండు ముఖాలు, ఒకటి మట్టిది, ఇంకోటి కంప్యూటర్లోని స్కాన్ నుంచి అచ్చు తీసింది. ఒక దాని కింద: "మూడో నంబరు. ముప్పై నుంచి నలభై ఏళ్ళ మగవాడు. పేరు తెలియదు." రెండో దాని కింద నేను రాసింది: "లోరెన్సో ఉబేద. లారీ డ్రైవరు. ఇతను చనిపోయినవాళ్ళలో ఒకడు కాదు, తీసుకుపోయినవాళ్ళలో ఒకడు. ఈ ముఖాన్ని పొరపాటున చేసింది ఇతని మనవరాలు కసీల్దా."

పొరపాటున అన్న మాట తీసెయ్యమంది ఇత్సియార్. "నిజంగా పొరపాటేనా?" అంది. తీసేశాను.

జనం మొదటి బల్ల దగ్గర మాట్లాడుకున్నారు. రెండో బల్ల దగ్గర ఎవరూ మాట్లాడలేదు. ఒకాయన చదివి, నా వైపు చూసి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. చిన్నప్పటి నుంచి మా ఇంటి పాలు ఆయన దగ్గరే. ఫెర్మీనా అత్త అపరిచితుడి ముందు కుర్చీ వేయించుకుని గంటసేపు కూర్చుంది.

"గుర్తొస్తున్నాడా అత్తా?" అని అడిగారెవరో.

"లేదు. అలవాటు చేసుకుంటున్నా" అంది.

అమ్మ రాలేదు.

మే 22

ఇత్సియార్ ఫోను. పంటిలోంచి ఇంకోసారి ప్రయత్నించారు, ఈసారి ఫలితం వచ్చింది. మూడో నంబరు ఫెర్మీనా అత్త తండ్రి కాదు. నాలుగోవాడూ కాదు. ఆ గోతిలో ఇలారియో అసలు లేడు.

మే 23

ఇద్దరం వెళ్ళి చెప్పాం. ఫెర్మీనా అత్త వింది. "మరి ఆ మనిషి కోసం ఎవరూ రాలేదా?" అని అడిగింది. ఎవరూ రాలేదని చెప్పింది ఇత్సియార్. తర్వాత ఆవిడ తన తండ్రి గురించి అడగలేదు. మేం వస్తుంటే మాత్రం, "ఇంకెక్కడ వెతుకుతారు?" అంది. కారులో ఇత్సియార్ స్టీరింగు పట్టుకుని కూర్చుంది, తాళం తిప్పలేదు.

"దేశమంతా ఎముకలే. చూపించేవాళ్ళు లేకపోతే ఎక్కడని తవ్వను?" అంది.

మే 24, గురువారం

భోజనం దగ్గర, అమ్మ వింటోందో లేదో తెలియకుండానే, గోడకు చెప్పినట్టు చెప్పాను. ఇలారియో ఆ గోతిలో లేడు. ఆ ముసలావిడ మళ్ళీ మొదటికి వచ్చింది.

అమ్మ చెంచా కింద పెట్టింది. ముప్పై ఆరు రోజుల తర్వాత మాట్లాడింది.

"రెండుసార్లు వెళ్ళాడు."

నేనూ చెంచా కింద పెట్టాను.

"జ్వరంలో ఉన్నా. కిటికీ పక్కన మంచం. మొదటి రోజు లారీ తెల్లగా వచ్చింది, సుద్ద. రెండో రోజు పొద్దున ఎర్రగా వచ్చింది. నాన్న బకెట్లతో నీళ్ళు తెచ్చి చక్రాలు కడిగాడు. వీధి పొడుగునా ఎర్రనీళ్ళు. నేను రక్తమని ఏడిచా. లోపలికొచ్చి నన్నెత్తుకుని, మట్టేనే తల్లీ, పెంకుల బట్టీ మట్టి అన్నాడు. వణుకుతున్నాడు. నాకు జ్వరం కదా, ఇద్దరం వణికాం."

పాత పెంకుల బట్టీ ఎక్కడుందో ఊళ్ళో అందరికీ తెలుసు. చుట్టూ అయిదు మైళ్ళలో ఎర్రనేల అదొక్కటే.

"ఇన్నేళ్ళు ఎందుకు చెప్పలేదమ్మా?"

"ఎవరడిగారు?" అంది. కాసేపాగి, "నువ్వు ఆయన పేరు రాసేశావు. ఇంకా దేన్ని దాచను?"

మే 29

ఇత్సియార్ కారులో అమ్మను బట్టీకి తీసుకెళ్ళాం. కూలిన పొగగొట్టం, ముళ్ళపొదలు. అమ్మ కారు దిగలేదు. అద్దం దించి లారీ తిప్పుకోవడానికి వీలున్న చోటు చూపించింది. "డ్రైవరు కూతుర్ని. లారీ ఎక్కడ తిరుగుతుందో నాకు తెలుసు" అంది. ఇత్సియార్ అక్కడ నాలుగు పసుపు జెండాలు గుచ్చింది.

తిరిగొస్తూ అమ్మ, "ఆవిడకు నేను చెబుతా. మీరెవరూ నోరెత్తకండి" అంది.

మే 30

అమ్మ వెళ్ళి వచ్చింది. లోపల ఏమన్నారో చెప్పలేదు. పావుగంట కూడా పట్టలేదు. వచ్చి చేతులు కడుక్కుని బంగాళదుంపలు తరిగింది.

జూన్ 20, బుధవారం

తవ్వకం మూడో రోజు. ల్యాబ్ వాళ్ళు ఆరుగురు, మా సంఘం వాళ్ళు కొందరు మట్టి బకెట్లు మోయడానికి. నేనూ మోస్తున్నాను. ఎర్రమట్టి గోళ్ళలోంచి పోవడం లేదు.

అమ్మా ఫెర్మీనా అత్తా ఒకే గొడుగు కింద రెండు కుర్చీల్లో కూర్చున్నారు. గొడుగు ఒక్కటే ఉంది కాబట్టి. మూడు రోజులుగా ఒకరితో ఒకరు మాట్లాడలేదు. నీళ్ళ సీసా మాత్రం అటూ ఇటూ మారుతోంది.

పన్నెండు దాటాక ఇత్సియార్ మోకాళ్ళ మీద వంగి ఉన్నదల్లా కుంచె ఆపి చెయ్యి పైకెత్తింది. అందరూ ఆగిపోయారు. ఎవరో రేడియో కట్టేశారు.

ముందు లేచింది అమ్మ. లేచి పక్క కుర్చీ వైపు చెయ్యి చాపింది. ఫెర్మీనా అత్త ఆ చేతిని చూసింది. పట్టుకోలేదు. కర్ర నేలకు ఆనించి, రెండుసార్లు ప్రయత్నించి, తనంతట తనే లేచింది. అమ్మ చెయ్యి కాసేపు గాల్లో ఉండి దిగింది.

ఇద్దరూ గొయ్యి వైపు నడిచారు. నడుమ ఒక మనిషి పట్టేంత ఎడం. నేను బకెట్ కింద పెట్టి వెనకాలే వెళ్ళాను.

ముందు కనిపించింది మోకాలి దగ్గర అతుకు వేసిన ప్యాంటు గుడ్డ ముక్క. ఫెర్మీనా అత్త అంచున నిలబడి దాన్ని చూసింది. "కొంచెం ఆగండి, అప్పుడే ముఖం తియ్యకండి" అంది.

ఇత్సియార్ కుంచె పక్కన పెట్టింది. మేమందరం ఆగాం.